‘బాప్టిజం ఆఫ్ ఫైర్’ అంటే తిట్టా, మెప్పా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆమదాలవలస పక్క పల్లె నుంచి వచ్చి విశాఖలో ఉద్యోగంలో చేరి నెలన్నర అయిందన్నారు. చేరిన మూడో రోజునే కస్టమర్ల ఫోన్లు ఒంటరిగా చూసుకోవాల్సి వచ్చిందట. నెలాఖరు మీటింగులో మీ టీమ్ లీడర్ అందరి ముందూ ‘షీ హ్యాడ్ ఎ బాప్టిజం ఆఫ్ ఫైర్. వుయ్ థ్రూ హర్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్’ అన్నారట. బాప్తిస్మం, నిప్పు, లోతు, విసిరేయడం... ఈ మాటలన్నీ ఒకేసారి చెవిన పడేసరికి ఏదో పెద్ద తప్పు చేశానని భయపడి, రాత్రి హాస్టల్లో ఏడ్చానని రాశారు. ఆ తర్వాత ఐదు వందల ఇడియమ్స్ ఉన్న పుస్తకం కొన్నారు. అందులో ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

ముందు ఆ రాత్రి సంగతి తేల్చేద్దాం. అది తిట్టు కాదు. రెండో వాక్యం మళ్లీ చూడండి. ‘వుయ్ థ్రూ హర్’ అన్నారాయన. విసిరింది ‘మేము’. అంటే ఆ పిల్లకు శిక్షణ సరిగా ఇవ్వకుండానే పని మీదకు తోసేశాం, ఆ తప్పు మాదే అని నలుగురిలో ఒప్పుకున్నారు. మొదటి వాక్యంలో, అంత కష్టంలోనూ ఆ పిల్ల నిలబడిందన్న మాట దాగి ఉంది. మీరు ఏడవాల్సిన రాత్రి కాదది.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పాను. మీలాంటి పిల్లలు ఫోన్ చేసి ‘సార్, మా మేనేజరు ఇలా అన్నాడు, ఏటి సార్ దానర్థం’ అని అడిగినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. వాళ్లకు మాట అర్థం తెలియకపోవడం చిన్న సంగతి. దాన్ని ఎవరు ఎవరితో అంటారు, అందులో తప్పు ఎవరి నెత్తిన పడుతుంది అన్నది ఎవరూ చెప్పకపోవడమే అసలు కష్టం. మీరు కొన్న పుస్తకం ‘బాప్టిజం ఆఫ్ ఫైర్ అంటే కష్టమైన తొలి అనుభవం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ‘త్రోన్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్’ పక్కనా దాదాపు అదే ముక్క ఉంటుంది. ఆ రెండూ ఒకటి కావు. ఆ తేడా తెలిసి ఉంటే ఆ రాత్రి మీకు నిద్ర పట్టేది.

బాప్టిజం ఆఫ్ ఫైర్ మాట బైబిల్లోంచి వచ్చింది. మత్తయి సువార్త మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను, నేను నీళ్లతో ఇస్తున్నాను, నా తర్వాత వచ్చేవాడు పరిశుద్ధాత్మతోనూ అగ్నితోనూ ఇస్తాడని చెబుతాడు. తర్వాతి కాలంలో యూరప్ సైన్యాలు ఈ మాటను తీసుకున్నాయి. సిపాయి మొదటిసారి తుపాకి గుండ్ల మధ్య నిలబడిన రోజు అతనికి అగ్ని బాప్తిస్మం అయిన రోజు. ఇంగ్లీషులో ఫైర్ అంటే నిప్పూ, కాల్పులూ కూడా కదా, అలా అతికింది. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం మొదలైనప్పుడు ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ తన పద్నాలుగేళ్ల కొడుకును సార్‌బ్రూకెన్ దగ్గర యుద్ధభూమికి తీసుకెళ్లాడు. మన అబ్బాయికి అగ్ని బాప్తిస్మం అయిందని అక్కడి నుంచి మహారాణికి తంతి పంపాడు. ఆ తంతిలో తండ్రి గర్వం చూడండి. అక్కడి నుంచి ఈ మాట ఆఫీసుల్లోకి వచ్చింది. ఇప్పుడు దీనికి మతంతో ఏ సంబంధమూ లేదు, ఎవరి గురించైనా ఎవరైనా అనొచ్చు.

మన పిల్లలు చాలామంది దీన్ని ‘అగ్నిపరీక్ష’ అని అనువదించుకుంటారు. నిప్పు రెండింట్లోనూ ఉంది కాబట్టి ఆ పొరపాటు సహజం. కానీ అగ్నిపరీక్ష ఎప్పుడైనా రావచ్చు. ఇరవై ఏళ్ల సర్వీసున్న ఆఫీసరుకు ఎన్నికల డ్యూటీ అగ్నిపరీక్ష అవుతుంది, బాప్టిజం ఆఫ్ ఫైర్ కాదు. బాప్తిస్మం అంటే లోపలికి అడుగుపెట్టడం. అది మొదటిసారి మాత్రమే. పైగా అగ్నిపరీక్షలో మనిషి తనను తాను నిరూపించుకోవాలి, పక్కన నిలబడి చూసేవాళ్లకు ఒక అనుమానం ఉంటుంది. బాప్టిజం ఆఫ్ ఫైర్‌లో ఆ అనుమానం లేదు. కొత్తవాడు వేడి తగిలి మనవాడయ్యాడు, అంతే.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడు ఉద్దానం వైపు ఒక పంచాయతీలో కార్యదర్శిగా చేరాడు. చేరిన కొన్ని వారాలకే తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిందది. కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, దారులకు అడ్డంగా చెట్లు. ఆ కుర్రాడికి ఫైలు ఎలా రాయాలో కూడా ఇంకా పూర్తిగా తెలియదు. తాగునీళ్ల ట్యాంకర్లు ఎక్కడ ఆపాలో, పడిపోయిన చెట్లను ఎలా లెక్కపెట్టాలో ఊరివాళ్ల మధ్య నిలబడి నేర్చుకున్నాడు. తర్వాత కలిసినప్పుడు అన్నాడు: ‘సార్, ఆ పది రోజుల్లో నేర్చుకున్నది ఆ తర్వాత రెండేళ్లలోనూ నేర్చుకోలేదు.’ ఈ మాట అర్థం నన్ను ఎవరు అడిగినా ఆ కుర్రాడినే చెబుతాను. నిఘంటువు చెప్పే దానికన్నా అది బాగా గుర్తుంటుంది.

డీప్ ఎండ్‌కు వద్దాం. దీన్ని మన పిల్లలు ‘లోతైన ముగింపు’ అని, ‘చివరి లోతు’ అని ఏవేవో అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. మనం ఈత నేర్చుకున్నది చెరువులోనో బావిలోనో. ఈత కొలనులో ఒక కొసన నడుము లోతు, రెండో కొసన నిలువు మునిగే లోతు ఉంటుంది. ఎండ్ అంటే ఇక్కడ ఆ కొస. ఈత రానివాణ్ణి లోతు తక్కువున్న కొసన దింపి మెల్లగా నేర్పాలి. అలా కాకుండా నేరుగా లోతున్న కొసనే పడేస్తే అది ‘త్రోన్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్’. మా ఊళ్లో పెద్దవాళ్లు ఎండిన సొరకాయ బుర్ర వీపుకు కట్టి మమ్మల్ని బావిలోకి తోసేవారు. బుర్ర కట్టకుండా తోసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఈ మాట మళ్లీ మరిచిపోరు.

ఆ బుర్ర కట్టకుండా తోసిన అనుభవం నాకూ ఉంది. 1988లో విజయనగరం జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో చేరాను. ఉదయం పదింటికి జాయినింగ్ రిపోర్టు ఇచ్చాను. పదకొండింటికి ప్రిన్సిపాల్ గారు చాక్‌పీసు నా చేతిలో పెట్టి, సెకండియర్ క్లాసుకు లెక్చరర్ లేడు, వెళ్లండి అన్నారు. పుస్తకం లేదు, ఏ పాఠం వరకు అయిందో చెప్పేవాళ్లు లేరు, లోపల వందమందికి పైగా పిల్లలు. గొంతు ఎండిపోయింది. వెనక బెంచీలో ఒక అబ్బాయి తన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి ‘ఇక్కడి దాకా అయిపోనాది సార్’ అని చెప్పి వెళ్లి కూర్చున్నాడు. ఆ గంట గడిచింది ఆ అబ్బాయి వల్లే. నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఇందులో నన్ను డీప్ ఎండ్‌లో పడేసింది ప్రిన్సిపాల్ గారు. లోపల ఆ గంటలో నాకు జరిగింది బాప్టిజం ఆఫ్ ఫైర్. మొదటిది ఎదుటివాళ్లు చేసిన పని, రెండోది మనం పడ్డ అనుభవం. తేడా ఇంతే, కానీ మీ టీమ్ లీడర్ మాటల్లో ఆ రెండూ ఉన్నాయి, ఎవరి వాటా వారికి ఇచ్చి మాట్లాడారాయన.

నీళ్ల బొమ్మతో ఉన్న మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి, అన్నీ ఆ కొలనులోనే పెట్టి నేర్చుకోండి. ‘సింక్ ఆర్ స్విమ్’ అంటే మునుగుతావో తేలుతావో నీ ఇష్టం, ఎవరూ చెయ్యి ఇవ్వరు అని. ఇది కొంచెం కఠినమైన మాట. సంస్థ తీరును తప్పుపట్టేటప్పుడు ఎక్కువ వినిపిస్తుంది. ‘అవుట్ ఆఫ్ మై డెప్త్’ అంటే కాళ్లకు నేల అందడం లేదు, నాకు తెలిసిన పరిధి దాటిపోయింది అని. ఇది మీరు మీ గురించి నిజాయితీగా చెప్పుకోవడానికి చాలా మంచి మాట. సాయం అడగడానికి వాడండి, ఎవరూ చిన్నచూపు చూడరు. అదే మాట ఎదుటి మనిషి గురించి ‘హి ఈజ్ అవుట్ ఆఫ్ హిజ్ డెప్త్’ అంటే మాత్రం ఆ పనికి వాడు తగడని తీర్పు చెప్పినట్టు. ‘ఇన్ ఓవర్ మై హెడ్’ విన్నప్పుడు మనకు ‘తలకు మించిన భారం’ గుర్తొస్తుంది. తల రెండింట్లోనూ ఉంది గానీ మనది మోత, వాళ్లది నీళ్లు. నీళ్లు తల మీదుగా పోతున్నాయని అనుకుంటే ‘కీపింగ్ మై హెడ్ ఎబవ్ వాటర్’ కూడా దానంతటదే అర్థమవుతుంది: తల మాత్రం పైన ఉంది, ఎలాగో నెట్టుకొస్తున్నాను.

ఈ మాటల్లో మీరు నిజంగా జాగ్రత్త పడాల్సింది ‘వెట్ బిహైండ్ ది ఇయర్స్’ దగ్గర. అప్పుడే పుట్టిన దూడ ఒళ్లంతా ఆరినా చెవుల వెనక తడి ఆఖరున ఆరుతుందని ఈ బొమ్మకు అర్థం చెబుతారు. మనం ‘ముక్కుపచ్చలారని’ అంటాం కదా, పుట్టినప్పటి పచ్చి ఇంకా ఆరలేదని. రెండు భాషలూ ఒకే చోటికి వచ్చాయి, చెవి బదులు ముక్కు, అంతే. ఇది చూసి ఎంతో సంతోషించి ఒక క్లాసులో ఇవి రెండూ సమానం అని చెప్పాను. తర్వాత ఆలోచిస్తే తప్పనిపించి, మర్నాడు దిద్దుకున్నాను. ముక్కుపచ్చలారని పిల్లాడు అంటే మనకు జాలి కలుగుతుంది. వాడి మీద అంత బరువు వేశారే అని బాధపడుతూ అంటాం. ఇంగ్లీషు మాటలో ఆ జాలి లేదు. వీడికేం తెలుసు, నిన్న గాక మొన్న వచ్చాడు అన్న చులకన ఉంది. కాబట్టి మీ తర్వాత చేరిన అమ్మాయి గురించి ప్రేమగానే అనుకుని ఈ మాట వాడితే, ఆమె మనసు నొచ్చుకుంటుంది. మీ గురించి మీరు, అదీ జరిగిపోయిన కాలానికి వాడుకోండి: ‘ఐ వజ్ స్టిల్ వెట్ బిహైండ్ ది ఇయర్స్ దెన్.’

‘టీథింగ్ ట్రబుల్స్’కు మన పత్రికలు ఎప్పుడో మంచి మాట పెట్టాయి, బాలారిష్టాలు. జాతకంలో చిన్నపిల్లలకు తొలి ఏళ్లలో ఉండే గండాలు బాలారిష్టాలు. వాళ్లేమో పిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు పడే బాధను తీసుకున్నారు. ఇది మనుషులకు వాడే మాట కాదు, పనులకూ, యంత్రాలకూ, పథకాలకూ వాడేది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు టీథింగ్ ట్రబుల్స్ ఉంటాయి. ‘ఐ హ్యావ్ టీథింగ్ ట్రబుల్స్’ అని మీ గురించి మీరు చెబితే విన్నవాళ్లు తికమకపడతారు.

‘గెట్ ఆఫ్ ఆన్ ది రాంగ్ ఫుట్’ను ‘ఆదిలోనే హంసపాదు’ అని చాలామంది రాస్తున్నారు. రెండింట్లోనూ పాదం ఉండటం వల్ల పడ్డ ముడి అది. హంసపాదు అంటే రాతలో అక్షరమో మాటో జారిపోతే దాన్ని చేర్చడానికి లేఖకుడు పెట్టే గుర్తు, హంస కాలు ఆకారంలో ఉంటుంది. మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పడిందంటే మొదట్లోనే లోపం వచ్చిందని. అది పనికి తగిలిన అడ్డంకి. రాంగ్ ఫుట్ మాత్రం ఎక్కువగా మనుషుల మధ్య సంబంధం గురించి. కొత్త మేనేజరుతో మొదటి రోజే మాట పెడసరంగా వచ్చిందనుకోండి, ‘వుయ్ గాట్ ఆఫ్ ఆన్ ది రాంగ్ ఫుట్’ అనొచ్చు. ఇందులో తప్పు ఇద్దరిదీ, అందుకే రాజీకి బాగా పనికొస్తుంది. సర్వర్ పనిచేయకపోవడం వల్ల మొదటి రోజు పని ఆగితే అది హంసపాదే, రాంగ్ ఫుట్ కాదు.

‘లర్న్ ది రోప్స్’ తెరచాప ఓడల కాలం నాటి మాట అంటారు. ఓడ నిండా తాళ్లే, ఏ తాడు ఏ తెరచాపను లాగుతుందో తెలియనివాడు అక్కడ ఎందుకూ కొరగాడు. కళింగపట్నం వైపు వెళ్తే తీరంలో అడిగి చూడండి, కుర్రగుంటడు మొదటి రోజు వేటకు వెళ్తే వల ముట్టనిస్తారా అని. ముందు ముడులు నేర్పుతారు. గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పనిచేసే మన జిల్లా మత్స్యకారులకు ఈ ఇంగ్లీషు మాట వివరించి చెప్పనక్కర్లేదు. మనకు దగ్గరి మాట ‘ఓనమాలు నేర్చుకోవడం’. నేర్పేవాళ్ల వైపు నుంచి అయితే ‘షో ది రోప్స్’. తాళ్లు ఎప్పుడూ బహువచనమే, ముందు ‘ది’ తప్పదు.

ఉద్యోగ ప్రకటనల్లో ‘హిట్ ది గ్రౌండ్ రన్నింగ్’ అని చూసే ఉంటారు. చేరిన రోజు నుంచే పరుగెత్తాలి అని. దాన్ని నేను ఇలా చదువుతాను: ఇక్కడ నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండకపోవచ్చు. అలాంటి చోట ఇంటర్వ్యూ చివర ‘హూ విల్ షో మీ ది రోప్స్?’ అని మర్యాదగా అడగండి. వచ్చే జవాబును బట్టి ఆ చోటు డీప్ ఎండో కాదో ముందే తెలిసిపోతుంది. మీ చెల్లెళ్లకూ ఈ సంగతి చెప్పండి.

‘స్టీప్ లెర్నింగ్ కర్వ్’ అంటే ఆ పని నేర్చుకోవడం కష్టం అని వాడుక. దీని గురించి ఒక మాట, ఎందుకంటే లెక్కలు చదివినవాళ్లు దీని దగ్గర వాదిస్తారు. గ్రాఫులో అడ్డంగా కాలం, నిలువుగా నేర్చుకున్నది పెడితే, గీత నిటారుగా లేచిందంటే తొందరగా నేర్చుకున్నట్టు, కష్టం కానట్టు. పారిశ్రామిక లెక్కలో గీత పైకి కూడా పోదు. 1936లో టి.పి. రైట్ అనే అమెరికా ఇంజనీరు, విమానాల తయారీ సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ దాదాపు 20 శాతం తగ్గుతుందని చూపాడు. ఆ గీత కిందికి దిగుతుంది. కానీ వాడుకలో జనం గ్రాఫును చూడటం లేదు, కొండను చూస్తున్నారు. నిటారు కొండ ఎక్కడం కష్టం, అంతే. వాడుకదే గెలుపు. మీరూ కష్టమనే అర్థంలోనే వాడండి, ఎవరైనా లెక్క చెబితే వినండి, అది కూడా నిజమే.

ఇవన్నీ దాటాక వచ్చే మాట ‘ఫైండ్ మై ఫీట్’. దీనికి మన మాట అచ్చంగా సరిపోతుంది, నిలదొక్కుకోవడం. కాలు నేలకు ఆనించి, తొక్కిపట్టి నిలబడటం. నీళ్లలో నేల అందని మనిషికి చివరికి నేల అందింది. మై, హర్, దైర్ అని మనిషిని బట్టి మార్చడం మరవకండి.

ఇక ఐదు వందల ఇడియమ్స్ పుస్తకం. దాన్ని పారేయమనను, కానీ మొదటి పేజీ నుంచి బట్టీ పట్టకండి. మన శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నప్పుడు ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోట విని నేర్చుకున్నారు. తర్వాత ఆయనే ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ముందు మనిషి, తర్వాత పుస్తకం. మీకు ఆఫీసులో రోజుకు ఎనిమిది గంటలు మనుషులు దొరుకుతున్నారు. ఎవరైనా ఒక జాతీయం వాడితే మూడు సంగతులు నోటుబుక్కులో రాసుకోండి: ఎవరు అన్నారు, ఎవరి గురించి, వాళ్ల ముఖం ఎలా ఉంది. అర్థం ఆ రాత్రి చూసుకోవచ్చు. దాని పక్కన మీ సొంత బతుకులోంచి ఒక సంఘటన తెలుగులో రాయండి. వారానికి ఒక్కటి చాలు. మీకు ఈ వారం దొరికినవి రెండు, అవి ఇక మీ జీవితంలో మరిచిపోరు.

వాడటం దగ్గర తొందర వద్దు. విని పోల్చుకోగలగడం ముందు రావాలి, నోటికి రావడం తర్వాత. కస్టమరుకు క్షమాపణ రాసేటప్పుడు, ఫిర్యాదు రాసేటప్పుడు ఇవేవీ వద్దు, తేటగా ఉన్న మాటలే వాడండి. కష్టంలో ఉన్న మనిషికి మీ కొలనూ తాళ్లూ అక్కర్లేదు. ఇంగ్లండు వాళ్లతో పనిచేస్తే ‘బాప్టిజం ఆఫ్ ఫైర్’, అమెరికా వాళ్లతో అయితే ‘బాప్టిజం బై ఫైర్’ ఎక్కువగా వింటారు. వాళ్లు ‘ఇంటు ది డీప్ ఎండ్’ అని కూడా అంటారు. రెండూ సరైనవే, దిద్దబోకండి.

చివరగా అడిగారు, తప్పుగా అర్థం చేసుకున్నానని టీమ్ లీడరుకు చెప్పాలా అని. ఏడ్చిన సంగతి చెప్పనక్కర్లేదు. కానీ ఆయన మీ గురించి నలుగురిలో మంచిగా మాట్లాడారు, దానికి ఇంకా బదులు వెళ్లలేదు. సోమవారం టీ దగ్గర కనిపిస్తే ఇంతమాత్రం అనండి: ‘థాంక్యూ ఫర్ వాట్ యూ సెడ్, సర్. ఐ యామ్ ఫైండింగ్ మై ఫీట్ నౌ.’ ఆ తర్వాత, మూడో రోజున మీకు ఒంటరిగా వచ్చిన ఫోన్లలో ఇప్పటికీ అర్థం కాని కేసు ఏదైనా ఉంటే అప్పుడే అడగండి. ఆయన కూర్చోబెట్టి చెబుతారనే నా నమ్మకం.